రసమట్టం కన్ను

ఉత్తరాది మంచుసీమలోని కల్లియోపెరాలో నేల ఏడాదికి ఏడు నెలలు రాయి, మూడు నెలలు బురద. మిగిలిన రెండు నెలల్లోనే జనం పెళ్ళిళ్ళు చేసుకోవాలి, పశువులకు గడ్డి కోసుకోవాలి, గోడలకు రంగులు వేసుకోవాలి, దోమలకు తమ వంతు రక్తం ఇచ్చుకోవాలి. అలాంటి ఊళ్ళో తొమ్మిది గుంటల గోల్ఫ్ మైదానం కడతామని, పాల కేంద్రం మేనేజరుగా చేసి దిగిపోయిన హెయిమో ప్రకటించాడు. ఆ రోజు పెట్రోలు బంకులో కాఫీ బల్ల దగ్గర లేచిన నవ్వుకి బంకు పైకప్పు మీది మంచు అంతా జారి కింద పడిందంటారు. దాని కింద ఒక కారు కూరుకుపోయిందని కూడా అంటారు. నవ్వు సంగతి ఏమోగాని కారు సంగతి నిజం. అది హెయిమోదే.

"తెల్ల బంతులు కొనకురా, మంచులో వెతుక్కోలేక చస్తాం. ఎర్రవి కొను" అన్నాడు బస్సు నడిపే పావో.

"గుంటలు తవ్వడమెందుకు? నదిమీద చేపల కోసం పెట్టిన కన్నాలున్నాయిగా, వాటిల్లోకి కొట్టుకోండి" అన్నాడు ఇంకొకడు.

అర్మాస్ లోహినివా నవ్వలేదు. చేతిలోని కాఫీ కప్పు బల్లమీద పెట్టి, "చదును ఎవరు చేస్తారు?" అని ఒక్క మాట అడిగాడు.

బల్ల దగ్గర నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ ప్రశ్నకు ఆ ఊళ్ళో ఒకటే జవాబు ఉంది. అది అడిగినవాడే.

అర్మాస్ పద్నాలుగో ఏట బడి మానేసి తండ్రితో కలిసి చిత్తడి నేలల్లో కాలవలు తవ్వాడు. తరువాత ముప్పై ఒక్క ఏళ్ళు రోడ్లశాఖలో మట్టిరోడ్లు గీకి సరిచేసే బండి నడిపాడు. ఆయన సరిచేసిన రోడ్డును కొలవడానికి ఒకసారి పట్నం నుంచి ఇంజనీర్లు పరికరం తెచ్చారు. పరికరం ఒక లెక్క చెప్పింది, అర్మాస్ ఇంకో లెక్క చెప్పాడు. ఇంజనీర్లు పరికరాన్ని మరమ్మతుకి పంపించారు. ఇది ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు, పంపిన తేదీతో సహా. ఒక్కొక్కరు ఒక్కో తేదీ చెబుతారు, అది వేరే విషయం.

కాని ఆయన పేరు నిలబడింది రోడ్లమీద కాదు, మంచుగడ్డ మీద. బడి వెనకాల ఖాళీస్థలంలో ప్రతి చలికాలం పిల్లలు స్కేటింగ్ చెయ్యడానికి అర్మాస్ గడ్డ పోసేవాడు. నలభై రెండు చలికాలాలు. చలి బాగా ముదిరిన సాయంత్రం చూసి, గొట్టం పట్టుకుని పలచగా ఒక పొర నీళ్ళు చల్లడం, అది బిగిశాక ఇంకో పొర, దానిమీద ఇంకోటి. చివరి పొరకి వేడినీళ్ళు. ఆ గడ్డ నడుమ హాకీ బిళ్ళ పెడితే ఎటు జారాలో దానికే తెలియక ఏప్రిల్ దాకా అక్కడే కూర్చునేదట. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళవాళ్ళు తమ గడ్డ వదిలేసి ఇక్కడికి వచ్చేవారు. ఆయన కన్నుని అందరూ రసమట్టం అనేవారు. వంకరగా ఉన్నది ఏదైనా ఆయనకు పంటికింద రాయి. ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే బల్ల కాలి కింద మడతపెట్టిన కాగితం తోసేవాడు. కన్నతల్లి అంత్యక్రియల తరువాత చర్చి హాల్లో అందరూ కాఫీ తాగుతుంటే, ఆయన ప్రార్థనల కాగితం నాలుగు మడతలు పెట్టి పాస్టరుగారి బల్ల కింద దోపుతూ కనిపించాడు. భార్య ఐలి ఆ రోజు మాత్రం ఏమీ అనలేదు. కొందరు ఏడుస్తారు, కొందరు బల్లలు సరిచేస్తారు అనుకుంది.

మైదానం నమూనా గీయడానికి తుర్కు పట్నం నుంచి రీనా వెస్టర్‌లుండ్ అనే ఆవిడ వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. ఐస్‌లాండ్‌లోనూ నార్వే ఉత్తరాననూ ఇలాంటి మైదానాలు గీసింది. మొదటిరోజే రబ్బరు బూట్లేసుకుని మోకాలిలోతు చిత్తడిలో నడిచి, మూడుసార్లు జారిపడి, నాలుగోసారి పడకుండా నిలబడింది. అర్మాస్‌కి ఆవిడ నచ్చింది.

"ఇక్కడ మనకి శత్రువు చలి కాదు అర్మాస్ గారూ" అంది. "చలి పచ్చికని నిద్రపుచ్చుతుంది, అంతే. చంపేది నిలిచిన నీళ్ళు. జనవరిలో ఒక్క వాన పడితే చాలు. కింద నేల రాయిలా ఉంటుంది, నీళ్ళు ఇంకవు. పల్లంలో నిలబడి గడ్డకడతాయి. ఆ గడ్డ కింద పచ్చికకి ఊపిరాడదు."

"ఎన్నాళ్ళు తట్టుకుంటుంది?"

"మంచి జాతిదైతే మూడు నెలలు. మామూలుదైతే యాభై రోజులు."

"మా ఆవిడ నన్ను నలభై నాలుగేళ్ళుగా తట్టుకుంటోంది."

"అయితే ఆవిడది చాలా మంచి జాతి. విత్తనం ఉంటే చెప్పండి, ఏడో గుంట దగ్గర చల్లుదాం."

రెండు వేసవులు పని నడిచింది. దక్షిణాన, తూర్పున ఉన్న స్ప్రూస్ చెట్లు నరికించింది రీనా. వసంతంలో పొద్దుటి ఎండ నేలమీద పడాలంటే నీడ ఉండకూడదంది. గుట్టనుంచి ఇసుక తెచ్చి జల్లెడ పట్టారు. బంతిని దొర్లించి గుంటలో వేసే నున్నటి పచ్చికని గ్రీన్ అంటారు. ఒక్కో గ్రీన్‌కి కింద గొట్టాలు, గొట్టాలమీద కంకర, కంకరమీద మూరెడు మందాన ఇసుక. వాటిమీద ఆఖరి నునుపు తియ్యడం అర్మాస్ పని. మిగతావన్నీ యంత్రాలతో చేసినా, చివర రెండు వేళ్ళ ఎత్తు తేడా ఆయన చెక్కపార పట్టుకుని నడుం వంచి చేతులతోనే తీసేవాడు. ఆ పార ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఏ గ్రీన్ చూసినా నీళ్ళు రెండువైపులకి జారిపోయేలా వాలు ఉండేది. కంటికి కనబడీ కనబడనంత వాలు. వాటితో అర్మాస్ ఎలాగో రాజీపడ్డాడు. రోడ్లకి కూడా నడుమ ఎత్తు, అంచుల్లో వాలు ఉంటాయి కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఏడోదాని దగ్గర మాత్రం ఆయన సర్దుకోలేకపోయాడు.

ఏడో గ్రీన్ వెనక సగం స్ప్రూస్ అడవివైపు ఒరిగి ఉంటుంది. పళ్ళెం అంచు ఒక పక్క విరిగినట్టు. రీనా గీసిన కాగితంలో అలాగే ఉంది, ఎత్తులకి గుర్తుగా నేలలో కొట్టిన మేకులూ అలాగే చెబుతున్నాయి. జూలైలో ఆవిడ నాలుగు రోజులు నార్వే పనిమీద వెళ్ళింది. మొదటిరోజు అర్మాస్ మేకుల ప్రకారమే ఇసుక లాగాడు. కాఫీకి కూర్చున్నాడు. లేచి చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. అది పని మధ్యలో వదిలేసినవాడు చేసిన పనిలా ఉంది. తన పేరుమీద నిలబడిపోయే పనిలా లేదు.

రెండోరోజు పొద్దున్నే వచ్చి ఆ వెనక అంచు మూడు వేళ్ళ ఎత్తు లేపాడు. ఇసుక పోశాడు, పార లాగాడు, గట్టిగా అణిచాడు, మళ్ళీ లాగాడు. మధ్యాహ్నానికి వెనక సగం బల్లలా సమంగా తయారైంది. మేకులు కూడా కొంచెం పైకి లాగి సరిపెట్టాడు. దొంగతనం చేస్తున్నానని ఆయనకి అనిపించలేదు. చొక్కా గుండీ తప్పు పెట్టుకున్నవాడికి సరిచేసి పంపినట్టు అనిపించింది.

రీనా తిరిగొచ్చి కొలత పరికరం బండిలోంచి తీసింది. ముందు సగం కొలిచింది. అంగుళం అటూ ఇటూ లేదు. వెనక్కి నడిచి, ఇసుకని చూసి, అర్మాస్‌ని చూసి నవ్వింది.

"మీ కన్ను పడ్డాక నేను కొలవడం మిమ్మల్ని అవమానించినట్టవుతుంది" అంది. పరికరం బండిలో పెట్టేసింది.

అర్మాస్ నోరు తెరవాల్సిన క్షణం అదే. ఆయన టోపీ సరిచేసుకున్నాడు.

జూలై చివర్లో విత్తనాలు చల్లారు. రాత్రి కూడా పొద్దు పోని రోజులు. పచ్చిక పగలూ రాత్రీ పెరిగింది. దాన్ని చూసుకోవడానికి దక్షిణాన ఉన్న కుఓపియో నుంచి ఉల్యాస్ వచ్చాడు. పచ్చికల చదువు చదువుకున్నవాడు, ముప్పై నాలుగేళ్ళు, పొడుగ్గా, మాటకి ముందు రెండు నిమిషాలు ఆలోచించే మనిషి. ఆయన్ని ఏడాదికి కుదుర్చుకున్నారు. ఏప్రిల్‌లో మైదానం నడిపే క్లబ్బు సంఘం కూర్చుని ఉంచాలా పంపాలా తేలుస్తుంది.

సెప్టెంబరులో మూడే మూడు వారాలు ఆడారు. ఏడో గ్రీన్ వెనక బంతి దొర్లిన తీరు చూసి జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. గాజుమీద దొర్లినట్టుంది అన్నారు. "మిగతా ఎనిమిదీ ఆవిడవి, ఏడోది అర్మాస్‌ది" అన్నాడు పావో. అర్మాస్ ఆ మాట ఇంటికి తీసుకెళ్ళి ఐలికి చెప్పాడు, ఆమె వినలేదని మళ్ళీ చెప్పాడు. ఆమె రెండుసార్లూ విన్నది.

డిసెంబరులో మంచు పడింది. జనవరి పదమూడున వాన. ఒక రోజంతా మంచుమీద వాన పడింది. ఆ మర్నాడు చలి సున్నాకి ముప్పై నాలుగు డిగ్రీల కిందికి పోయింది. చలి ఎలా బిగిసిందంటే, వీధికుక్క మొరిగితే ఆ మొరుగు గాలిలోనే గడ్డకట్టి, మార్చిలో కరిగి ఊరంతా వినబడిందని పావో ప్రమాణం చేస్తాడు. నదిమీద గడ్డ పగుళ్ళిచ్చిన చప్పుడు మాత్రం అందరూ విన్నారు.

హెయిమో ఉల్యాస్‌ని అడిగాడు: "మంచు తీసేద్దామా, గడ్డ పగలగొడదామా?"

ఉల్యాస్ రెండు నిమిషాలు ఆలోచించాడు. "వద్దు. పైన మంచు దుప్పటిలా ఉంటుంది. ఇంత చలిలో గడ్డ కొడితే పచ్చిక వేళ్ళతో సహా లేచొస్తుంది. నీళ్ళు జారిపోయేలా కట్టారు కదా. అంతగా నిలిచి ఉండవు."

కట్టినదాన్ని నమ్మి అన్నాడు ఆ మాట.

మార్చి పదో తారీఖున చూద్దామని వెళ్ళారు ఉల్యాస్, అర్మాస్. చేపలకోసం నదిగడ్డకి కన్నం పెట్టే చేతి బర్మా అర్మాస్ భుజంమీద ఉంది. ఒక్కో గ్రీన్ మీద మంచు తవ్వి, బర్మాతో పచ్చిక ముక్క ఒకటి కోసి, పాలడబ్బా కత్తిరించి చేసిన గిన్నెలో పెట్టుకున్నారు. వాటిని క్లబ్బు గది వెచ్చటి కిటికీలో పెడితే పది రోజుల్లో సంగతి తెలిసిపోతుంది. బతికి ఉంటే మొలకెత్తుతుంది. మొదటి ఆరు గ్రీన్‌లమీద మంచు కింద నేరుగా పచ్చిక తగిలింది. గడ్డే లేదు. ఉల్యాస్ మొహం తేటపడింది.

ఏడోదాని ముందు సగంలోనూ గడ్డ లేదు. వెనక సగంలో పార టంగుమంది.

అర్మాస్ మోకాళ్ళమీద కూర్చుని చేతులతో మంచు తోశాడు. ఇంకొంచెం తోశాడు. రెండు చేతుల వెడల్పు, తరువాత నాలుగు చేతుల వెడల్పు. కింద నల్లటి గడ్డ, నాలుగు వేళ్ళ మందం. మరక లేదు, అల లేదు, బుడగ లేదు. ఆకాశం అందులో తలకిందులుగా నిలబడి ఉంది. ఆయన చేతి తొడుగు తీసి అరచెయ్యి ఆనించాడు. నలభై రెండు చలికాలాలు అలాగే ఆనించాడు.

అది ఆయన గడ్డే. గొట్టం లేకుండా, ఎవరూ అడగకుండా, ఆయన జన్మలో పోసినవాటన్నిటిలోకీ మంచి గడ్డ అది.

"దించండి" అన్నాడు ఉల్యాస్.

అర్మాస్ బర్మా దించాడు. వచ్చిన ముక్క గోధుమరంగులో ఉంది. ఉల్యాస్ వాసన చూసి మొహం పక్కకి తిప్పాడు. నేలమాళిగలో కుళ్ళిన టర్నిప్ వాసన. యాభై ఆరు రోజులు ఊపిరాడని పచ్చిక వాసన.

"నీళ్ళు ఇక్కడ ఎందుకు నిలిచాయి?" అన్నాడు ఉల్యాస్. తనని తానే అడుగుతున్నట్టుంది. "కాగితంలో ఇక్కడ వాలు ఉంది. మంచు తియ్యాల్సిందేమో. నేనే తప్పు లెక్కేశానేమో."

అర్మాస్ గొంతులో మాట వచ్చింది. దాన్ని మింగి, బర్మా తుడిచి, భుజాన వేసుకున్నాడు.

కిటికీలో పెట్టిన ముక్కల్లో, మిగతా ఎనిమిది గ్రీన్‌లవీ ఆరోరోజుకి పచ్చటి వెంట్రుకల్లాంటి మొలకలు వేశాయి. ఏడోదాని ముందు సగంనుంచి తీసింది కూడా మొలకెత్తింది. వెనక సగం ముక్క అలాగే గోధుమరంగులో ఉంది. పదోరోజుకీ అంతే. అర్మాస్ రోజూ క్లబ్బు గది దాకా నడిచి, బయటనుంచి ఆ కిటికీలోకి చూసి వెనక్కి వచ్చేవాడు.

పెట్రోలు బంకులో తీర్పు ముందే వచ్చేసింది.

"చదువుకున్నవాడట! మంచుకి దుప్పటి కప్పాడట!" అన్నాడు పావో. "మా అమ్మమ్మకి చెబితే గునపం పట్టుకుని ఆవిడే పగలగొట్టేది."

"దక్షిణాదివాడికి మన గడ్డ సంగతి ఏం తెలుస్తుంది?"

"అర్మాస్ కట్టిన గ్రీన్‌నే చంపాడు చూడు. మిగతావి చావకూడదూ!"

అప్పుడే ఉల్యాస్ లోపలికి వచ్చాడు. ఆయన కాఫీ తీసుకుని నిలబడే తాగి, కప్పు పెట్టి వెళ్ళిపోయాడు. సగం కాఫీ కప్పులోనే ఉంది. తరువాత మళ్ళీ బంకుకి రాలేదు.

అర్మాస్ ఆ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ పెద్దగా మాట్లాడడు కాబట్టి అనలేదని కూడా ఎవరూ గమనించలేదు.

ఇంట్లో ఐలి గమనించింది. చేపల పులుసు ముందు పెట్టింది. ఆయన చెంచాతో తిప్పుతూ కూర్చున్నాడు.

"చెప్పు" అంది.

"ఏం చెప్పను?"

"పదిహేను రోజులనుంచి మింగుతున్నదేదో."

చెప్పాడు. మూడు వేళ్ళు అన్నాడు, మేకులు అన్నాడు, ఆవిడ పరికరం లోపల పెట్టేసిన సంగతి చెప్పాడు. ఐలి వింటూ రొట్టెకి వెన్న రాసింది.

"ఊళ్ళో ఎవడి బల్ల వంకరగా ఉన్నా వాడి మొహంమీదే చెప్పావు. పాస్టరుగారిని కూడా వదల్లేదు. ఇప్పుడు నీ బల్ల వంతు వచ్చేసరికి పులుసు తిప్పుతున్నావు."

"అది బల్ల కాదే. జనం నన్ను ఏమని పిలుస్తారో నీకు తెలుసు. ఆ పేరు పోతే నా దగ్గర ఇంకేముంది? నాకు చదువుందా, పిల్లలున్నారా? ఆ ఒక్క కన్నేగా నా ఆస్తి."

ఐలి వెన్నకత్తి తుడిచి పక్కన పెట్టింది. పిల్లలు లేరన్న మాట ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి ఎవరూ పైకి అనలేదు.

"ఉల్యాస్ వాళ్ళావిడ అట్టపెట్టెలు అడుగుతోంది, దుకాణంలో" అంది చివరికి. "ఖాళీ అట్టపెట్టెలు. సామాను సర్దుకోవడానికి."

అర్మాస్ చెంచా కింద పెట్టాడు. పులుసు చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేస్తానని ఆమె అనలేదు.

ఏప్రిల్ మొదటి ఆదివారం క్లబ్బు గదిలో సంఘం కూర్చుంది. పదకొండుమంది. ఏలకుల బన్నులు, కాఫీ. కిటికీలో పాలడబ్బా గిన్నెలు ఇంకా ఉన్నాయి. ఉల్యాస్ తలుపు దగ్గర కుర్చీలో, కోటు విప్పకుండా కూర్చున్నాడు. హెయిమో గొంతు సవరించుకుని, "ఏడో గ్రీన్ విషయంలో మనకి తెలిసిందేమిటంటే" అని మొదలుపెట్టాడు.

అర్మాస్ లేచాడు. "ఏడోది నేను లేపాను."

"ఏం లేపావు?"

"వెనక అంచు. మూడు వేళ్ళు. కాగితంలో కిందికుంది. నేను పైకి లేపి సమం చేశాను. మేకులు కూడా లాగాను."

"ఎప్పుడు?"

"జూలైలో. రీనా గారు లేనప్పుడు."

"ఎందుకు చేశావయ్యా ఆ పని?"

అర్మాస్ కిటికీవైపు చూశాడు. బయట కప్పు అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. "వంకరగా కనబడింది" అన్నాడు.

పావో ఒక్కసారి నవ్వాడు. "నీ చదునుకి పచ్చికే చచ్చిందిరా బాబూ!" ఇంకెవరూ నవ్వకపోవడంతో బన్ను నోట్లో పెట్టుకున్నాడు.

హెయిమో ఫోను తీసి రీనాకి కలిపాడు. అందరికీ వినబడేలా బల్లమీద పెట్టాడు. సంగతి చెప్పాడు.

"నేను కొలవాల్సింది" అంది రీనా గొంతు. "పరికరం చేతిలో ఉండి కూడా కొలవలేదు. అది నా తప్పు, దాన్ని ఆయన నెత్తిన వెయ్యకండి. ఉల్యాస్ చెప్పింది సరిగ్గా చెప్పాడు. వాలు ఉండి ఉంటే గడ్డ ఉండేది కాదు. జూన్‌లో వస్తాను. ఆ సగం తీసేసి మళ్ళీ కడదాం." తరువాత ఆయన్ని పిలిచింది. "అర్మాస్ గారూ, నాకు చెప్పి ఉంటే మనం పోట్లాడుకునేవాళ్ళం. అంతే కదా."

"అవునండి" అన్నాడు అర్మాస్.

ఉల్యాస్‌ని ఉంచాలని పది నిమిషాల్లో తేల్చేశారు. ఎవరూ చెయ్యి దించలేదు. ఆయన ఎవరికీ థాంక్స్ చెప్పలేదు. జనం కోట్లు తగిలించుకుంటుంటే అర్మాస్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మీకెప్పుడు తెలిసింది?"

"బర్మా దింపిన రోజు."

ఉల్యాస్ లెక్కేశాడు. "ఇరవై ఆరు రోజులు. మా ఆవిడ గిన్నెలన్నీ కాగితాల్లో చుట్టేసింది. నేను కాలేజీ పుస్తకాలు మళ్ళీ తీసి చదివాను, ఎక్కడ తప్పానో అని. మీరు రోజూ ఈ కిటికీ దగ్గరికి వచ్చేవారు. లోపల నేనుండేవాణ్ణి. నన్ను చూసేవారు."

"చూశాను."

"చూసి వెళ్ళిపోయేవారు."

"అవును. మన్నించమని అడగను."

"అడక్కండి" అన్నాడు ఉల్యాస్. తలుపు తీసుకుని బయటికి నడిచాడు.

పావో ఆ వారమే కథ మొదలుపెట్టాడు. అర్మాస్ ఎంత చదునుగా చేశాడంటే పచ్చిక ఎటు పెరగాలో తెలియక చచ్చిపోయిందని. నాలుగు ఊళ్ళలో నవ్వుకున్నారు. అర్మాస్ బంకుకి వెళ్ళడం మానలేదు. వెళ్ళి, అదే కుర్చీలో కూర్చుని, తనమీద చెప్పే కథ మొదటినుంచి చివరిదాకా వినేవాడు. రసమట్టం అన్న మాట మాత్రం ఆ తరువాత ఎవరి నోటా రాలేదు.

జూన్ రెండో వారంలో రీనా వచ్చింది. చచ్చిన పచ్చిక చాపలా చుట్టి తీసేశారు. కింది ఇసుక తేలింది. రీనా కొత్త మేకులు కొట్టి, ఈసారి ప్రతి మేకు దగ్గరా పరికరం పెట్టి చూసింది. అర్మాస్ చెక్కపార తీసుకుని నడుం వంచాడు. ఇసుక లాగాడు. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా లాగాడు.

రీనా కొలిచింది. "ఒక వేలే దిగింది. మూడు దిగాలి."

మళ్ళీ లాగాడు. ఉల్యాస్ కొంచెం దూరంలో గొట్టాలు కడుగుతూ ఉన్నాడు. ఏప్రిల్ తరువాత ఇద్దరూ పనికి కావలసిన మాటలే మాట్లాడుకున్నారు.

"వేలున్నర" అంది రీనా.

మూడోసారి ఆయనే చూశాడు. తన చేతులు ఏం చేస్తున్నాయో చూశాడు. కిందికి లాగమంటే లాగుతున్నాయి. అంచు దగ్గరికి వచ్చేసరికి, అడగకుండానే, పిడికెడు పిడికెడు ఇసుక వెనక్కి తెచ్చి పల్లం పూడుస్తున్నాయి. డెబ్బై ఏళ్ళకి దగ్గరైన చేతులు. వాటికి ఒకటే పని వచ్చు.

ఆయన నిటారుగా నిలబడ్డాడు. పార ఉల్యాస్‌వైపు చాపాడు.

"నా చెయ్యి నా మాట వినడం లేదు. నువ్వు పట్టుకో."

ఉల్యాస్ రెండు నిమిషాలు ఆలోచించాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని వచ్చి పార అందుకున్నాడు. పట్టుకోవడమే తప్పు పట్టుకున్నాడు. ఎడమచెయ్యి కిందికి జరపమని అర్మాస్ చెప్పబోయి ఊరుకున్నాడు. ఉల్యాస్ తనే జరుపుకున్నాడు. ఇసుక గీతలు గీతలుగా, అంచువైపు వాలిపోతూ దిగింది. అర్మాస్ కంటికి అది ఘోరంగా ఉంది. మొహం తిప్పుకోకుండా చూస్తూ నిలబడ్డాడు.

"మూడు వేళ్ళు" అంది రీనా పరికరంలోంచి తల ఎత్తి.

ఉల్యాస్ దాన్నీ నమ్మలేదు. "నీళ్ళు పోసి చూడాలి. బకెట్టు తెండి."

అర్మాస్ కాలవలో ముంచి తెచ్చి గ్రీన్ నడుమన మెల్లగా వంచాడు. నీళ్ళు కొంచెంసేపు తటపటాయించాయి. తరువాత సన్నగా పాయకట్టి, వెనక అంచు దాటి, నాచులోకి దిగిపోయాయి. ఉల్యాస్ వంగి, కుడిపక్కగా తడి మిగిలిన చోట వేలు పెట్టి చూశాడు.

"ఇక్కడ ఇంకొంచెం తియ్యాలి" అన్నాడు. "ఇంకో బకెట్టు."

అర్మాస్ ఖాళీ బకెట్టు తీసుకుని కాలవవైపు నడిచాడు.